సైలెన్సర్ దగ్గర కనిపించని పొగ నగరం మీదికి ఎక్కడి నుంచి వస్తోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇప్పటి బండ్లలో చాలావాటి సైలెన్సర్ దగ్గర నిలబడి చూసినా పొగ కనబడదు. అయినా నగరం మీద మసక పొర ఉంటూనే ఉంది. పైగా ఉదయం ట్రాఫిక్ కిక్కిరిసి ఉన్నప్పటికన్నా, రోడ్లు కాస్త ఖాళీ అయిన మధ్యాహ్నమే మీ కళ్ళు ఎక్కువ మండుతున్నాయి. అలాంటప్పుడు వాహనాలను తప్పుపట్టడం న్యాయమేనా అని అడిగారు. చివర్లో మీ పాపకు ఆస్తమా ఉందని, ఏ వేళ బయట ఆడుకోనివ్వాలో తెలియట్లేదని రాశారు. ఆ చివరి మాట చదివాక కాస్త వివరంగానే చెప్పాలనిపించింది.

నేను 20 ఏళ్ళకు పైగా ఇంజిన్ల నుంచి వచ్చే వాయువులను కొలిచే పనిలో ఉన్నాను. మొదట్లో పరీక్షశాలలో బండిని రోలర్ల మీద నడిపి కొలిచేవాణ్ణి. తర్వాత గాలి నాణ్యతను నమోదు చేసే కేంద్రాల్లో పనిచేశాను. రెండుచోట్లా చేసినందువల్ల ఒక సంగతి బాగా తెలిసొచ్చింది. సైలెన్సర్ నుంచి బయటికొచ్చేదీ, చివరికి మనం పీల్చేదీ ఒకటి కాదు. సైలెన్సర్ నుంచి వచ్చేది చాలావరకు ముడిసరుకే. అందులోంచి స్మాగ్ తయారయ్యేది బయటి గాలిలో, ఎండ తగిలో చలిలో చిక్కుకునో, కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి చాలా కిలోమీటర్ల అవతల. మీ కళ్ళు మధ్యాహ్నం మండడం వాహనాలు నిర్దోషులని చెప్పే సాక్ష్యం కాదు. వాహనాల స్మాగ్‌కు అసలు గుర్తే అది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. స్మోక్, ఫాగ్ కలిపితే స్మాగ్ అయింది. 1905 ప్రాంతంలో లండన్‌లో ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. అప్పట్లో దాని అర్థం బొగ్గు పొగ కలిసిన పొగమంచు. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మేసింది ఆ రకమే. దానివల్ల దాదాపు 4,000 మంది చనిపోయారని మొదట లెక్క వేశారు. తర్వాత జరిగిన పరిశోధనల్లో ఆ సంఖ్య 12,000 వరకు ఉండొచ్చని తేలింది. అది గంధకం, మసి కలిసిన నల్లటి స్మాగ్. ఎవరి పొయ్యిలోంచి వస్తోందో కంటికి కనిపించేది కాబట్టి కారణం విషయంలో పెద్ద అనుమానాలు రాలేదు. 1956లో చట్టమూ వచ్చింది.

వాహనాల స్మాగ్ కథ వేరు. 1943 జులై 26న లాస్ ఏంజెలస్ మీద ఘాటైన మసక దిగింది. జనానికి కళ్ళు మండాయి, గొంతులు గరగరలాడాయి. యుద్ధకాలం కావడంతో శత్రువులు విషవాయువు వదిలారేమోనని కొందరు భయపడ్డారు. తర్వాత కృత్రిమ రబ్బరు కోసం బ్యూటాడయీన్ తయారుచేసే ఒక ఫ్యాక్టరీ మీద అనుమానం పోయింది. దాన్ని మూయించినా మసక పోలేదు. అక్కడ బొగ్గు పొగ పెద్దగా లేదు, పొగమంచు కాలమూ కాదు, పైన ఎండ కాస్తోంది. మరి ఇదెక్కడిది?

దీన్ని విప్పిన మనిషి ఆరీ హాగెన్-స్మిట్. కాలిఫోర్నియాలోని కాల్టెక్ అనే విద్యాసంస్థలో పనిచేసే జీవరసాయన శాస్త్రవేత్త. అనాసపండు వాసనకు కారణమైన పదార్థాలు ఏమిటో పరిశోధించేవాడు. పండు వాసనను చల్లబరిచి పట్టుకునే పద్ధతిలోనే బయటి గాలిని కూడా పట్టి చూస్తే, ఘాటు వాసన వేసే గోధుమరంగు ద్రవం కొన్ని చుక్కలు చేతికొచ్చింది. 1950ల మొదట్లో ఆయన తేల్చినది ఇది: పెట్రోలు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిసి ఎండలో ఉంటే ఓజోన్ పుడుతుంది. అదే రబ్బరును పగలగొడుతోంది, పైర్ల ఆకులను మాడుస్తోంది. చమురు పరిశ్రమ ఆయన మాటను చాలాకాలం ఒప్పుకోలేదు. ఆయన వెనక్కి తగ్గలేదు. తర్వాత కాలిఫోర్నియా గాలి వనరుల బోర్డుకు మొదటి అధ్యక్షుడయ్యాడు. ఈ వృత్తిలో ఉన్న మా అందరికీ ఆయనంటే గౌరవం. కంటికి కనిపించని దాన్ని కారణంగా చూపించి, దాన్ని జనం చేత నమ్మించడం ఎంత కష్టమో రోజూ చూస్తున్నాం కాబట్టి.

ఇక ఇంజిన్ లోపలికి వెళ్దాం. పెట్రోలైనా డీజిలైనా పూర్తిగా కాలితే మిగిలేవి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. కార్బన్ డయాక్సైడ్ భూమి వేడెక్కడానికి కారణం గానీ స్మాగ్‌కు కాదు. చిక్కంతా పూర్తిగా కాలకపోవడంలోనూ, మరీ వేడిగా కాలడంలోనూ ఉంది. పూర్తిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్, సగం కాలిన ఇంధనపు ఆవిర్లు, మసి వస్తాయి. మరీ వేడిగా కాలితే ఇంకొకటి జరుగుతుంది. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్. మామూలుగా అది దేనితోనూ కలవని మంచి బాలుడు. కానీ సిలిండర్‌లో మంట ఉష్ణోగ్రత రెండు వేల డిగ్రీల సెల్సియస్ దాటేసరికి నైట్రోజన్, ఆక్సిజన్ కలిసిపోయి నైట్రిక్ ఆక్సైడ్ అవుతాయి. గమనించండి, ఇది ఇంధనంలోని మురికి వల్ల వచ్చింది కాదు. ఎంత శుద్ధమైన పెట్రోలు పోసినా గాలిలోని నైట్రోజన్ నుంచే ఇది పుడుతుంది. రంగు లేదు. సైలెన్సర్ దగ్గర మీకు కనబడదు.

బయటికొచ్చిన నైట్రిక్ ఆక్సైడ్ గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఈ రెండింటినీ కలిపే నైట్రోజన్ ఆక్సైడ్లు అంటాం. నైట్రోజన్ డయాక్సైడ్‌కు గోధుమరంగు ఉంటుంది. నగరం అంచున నిలబడి దూరంగా చూసినప్పుడు ఆకాశం కింది భాగంలో కనిపించే ఆ మట్టి రంగులో దీనికీ వాటా ఉంది. ఎండ తగలగానే నైట్రోజన్ డయాక్సైడ్ నుంచి ఒక ఆక్సిజన్ పరమాణువు విడిపోతుంది. ఆ ఒంటరి పరమాణువు పక్కనున్న ఆక్సిజన్ అణువును పట్టుకుంటే ఓజోన్. అక్కడితో ఆగితే ఫరవాలేదు, ఎందుకంటే మిగిలిపోయిన నైట్రిక్ ఆక్సైడ్ ఆ ఓజోన్‌ను మళ్ళీ తినేస్తుంది. లెక్క సరిపోతుంది. కానీ గాలిలో సగం కాలిన పెట్రోలు ఆవిర్లు కూడా ఉన్నాయి కదా. అవి నైట్రిక్ ఆక్సైడ్‌ను ఓజోన్ అవసరం లేకుండానే తిరిగి నైట్రోజన్ డయాక్సైడ్‌గా మార్చేస్తాయి. ఓజోన్‌ను తినేవాడు లేకుండా పోతాడు. ఓజోన్ పేరుకుంటూ పోతుంది. అందుకే నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిర్లు రెండూ ఉండాలి, పైన ఎండా ఉండాలి.

ఇప్పుడు మీ మధ్యాహ్నం సంగతి. గాలి కొలిచే కేంద్రంలో ఎండాకాలపు ఒక రోజు గ్రాఫు తీసి చూస్తే ఇది గడియారంలా కనిపిస్తుంది. ఉదయం ఆఫీసుల వేళ నైట్రిక్ ఆక్సైడ్ గీత నిటారుగా లేస్తుంది. అది దిగుతుండగా, గంటా రెండు గంటల తేడాతో, నైట్రోజన్ డయాక్సైడ్ లేస్తుంది. అదీ దిగుతుండగా ఓజోన్ లేవడం మొదలై మధ్యాహ్నం ఒంటిగంట, నాలుగు గంటల మధ్య శిఖరానికి చేరుతుంది. పనిలో చేరిన కొత్తలో ఈ మూడు గీతలు ఒకదాని తర్వాత ఒకటి లేచి పడిపోవడం చూసి, పొద్దున్నే వెళ్ళిపోయిన బండ్లు మధ్యాహ్నం మళ్ళీ తిరిగొచ్చినట్టుగా అనిపించింది. అంటే మీరు మధ్యాహ్నం పీలుస్తున్నది అప్పటి ట్రాఫిక్‌ను కాదు, ఉదయపు ట్రాఫిక్‌ను.

ఇంకో చిన్న సవరణ. కళ్ళు మండడానికి ఓజోన్ ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు. ఓజోన్ దెబ్బ ప్రధానంగా ఊపిరితిత్తుల మీద. కళ్ళను మండించేవి దానితోపాటు అదే ఎండలో, అదే సరుకుల నుంచి పుట్టే ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్, ఇంకా రసాయన శాస్త్రంలో పాన్ అని పొట్టిగా పిలిచే ఒక నైట్రేట్ పదార్థం. అవి ఓజోన్ ఉన్నచోటే ఉంటాయి కాబట్టి కళ్ళ మంటను ఒక హెచ్చరికగా తీసుకోవడం మాత్రం సరైన పనే.

ఇందులో మరో విచిత్రం ఉంది. నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ను తినేస్తుందని చెప్పాను కదా, అందువల్ల రద్దీ రోడ్డు మీద ఓజోన్ తక్కువగా ఉంటుంది. అదే గాలి కొన్ని కిలోమీటర్లు జరిగి, తోటలు, పొలాలు ఉన్న శివార్లకు చేరేసరికి ఓజోన్ ఎక్కువవుతుంది. ఊరి బయట గాలి ఎప్పుడూ మంచిదనుకుంటాం. ఎండాకాలం మధ్యాహ్నం అది అన్నిసార్లూ నిజం కాదు. ఇదే కారణంతో లాస్ ఏంజెలస్‌లో లారీలు తక్కువ తిరిగే వారాంతాల్లో ఓజోన్ పెరగడం కొన్నేళ్ళపాటు కనిపించింది. 2020 లాక్‌డౌన్లలో కూడా చాలా నగరాల్లో నైట్రోజన్ డయాక్సైడ్ బాగా తగ్గి, ఓజోన్ మాత్రం కాస్త పెరిగింది. దీన్ని చూపించి "చూశారా, బండ్లు ఆపినా లాభం లేదు" అన్నవాళ్ళు ఉన్నారు. ఆ వాదన తప్పు. ఒక సరుకు తగ్గి రెండోది తగ్గనప్పుడు కొంతకాలం ఇలా జరుగుతుంది. ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు రెండూ పట్టుదలగా తగ్గించుకుంటూ వచ్చిన చోట ఓజోన్ దిగింది. ఇందుకు లాస్ ఏంజెలసే సాక్ష్యం. అక్కడ ఇవాళ్టికీ సమస్య ఉంది గానీ, 1950లనాటి ఓజోన్ శిఖరాలతో పోలిస్తే ఇప్పటివి చాలా తక్కువ.

చలికాలపు స్మాగ్ దీనికి భిన్నం. ఎండ తీవ్రత తక్కువ కాబట్టి ఓజోన్ తక్కువ. కానీ నేల రాత్రంతా చల్లబడి దాన్ని అంటుకున్న గాలి చల్లగా, బరువుగా ఉంటే, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. మామూలుగా పైకి వెళ్ళేకొద్దీ గాలి చల్లబడాలి. ఇక్కడ తలకిందులవుతుంది కాబట్టి పుస్తకాల్లో ఉష్ణోగ్రతా విలోమం అంటారు. ఎండాకాలం మధ్యాహ్నం మనం వదిలిన పొగ కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ఎత్తు వరకు కలిసిపోవడానికి చోటుంటుంది. చలికాలపు తెల్లవారుజామున ఆ చోటు ఒకటి రెండు వందల మీటర్లకు, ఒక్కోసారి అంతకన్నా తక్కువకు కుంచించుకుపోతుంది. బండ్ల సంఖ్య అదే, పొగ అంతే, గది మాత్రం చిన్నదైంది.

ఆ ఇరుకు గదిలో నైట్రోజన్ ఆక్సైడ్లు రాత్రంతా ఊరికే ఉండవు. నైట్రిక్ ఆమ్లంగా మారి, పొలాల ఎరువుల నుంచి, పశువుల నుంచి, మురుగు నుంచి వచ్చే అమ్మోనియాతో కలిసి అమ్మోనియం నైట్రేట్ అనే సన్నటి నలుసులవుతాయి. కొన్ని పెట్రోలు కార్లలో పొగను శుద్ధిచేసే కన్వర్టర్ల నుంచి కూడా కాస్త అమ్మోనియా వస్తుంది. ఈ నలుసులు తేమను పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన నలుసు వెలుతురును ఎక్కువగా చెదరగొడుతుంది. మీరు కిటికీలోంచి చూసి పొగమంచు అనుకునే తెల్లటి తెరలో ఇవి చాలా ఉంటాయి. వాసన, మంట లేకపోవచ్చు, చూడ్డానికి అందంగానే ఉండొచ్చు. సన్నటి ధూళిని కొలిచే పీఎం 2.5 మీటరు మాత్రం నిజం చెప్పేస్తుంది. అంటే వాయువుగా బయటికొచ్చినది ధూళిగా మారి మన ఊపిరితిత్తుల్లోకి వెళ్తోంది. ట్రాఫిక్ వాటాను లెక్కగట్టేటప్పుడు సైలెన్సర్ నుంచి నేరుగా వచ్చిన మసిని మాత్రమే చూస్తే లెక్క తక్కువ వస్తుందని మేం పదే పదే చెప్పేది ఇందుకే.

నేరుగా వచ్చే మసి గురించి కూడా చెప్పాలి. అందులో పెద్ద వాటా డీజిల్‌ది. డీజిల్ ఇంజిన్‌లో ఇంధనాన్ని తుంపరగా చిమ్ముతారు. ఒక్కో తుంపర నడిమధ్యలో గాలి చాలక అది మసవుతుంది. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న నలుసులు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు. డీజిల్ మసి నలుసులు చాలావరకు ఒక మైక్రాన్‌లో పదో వంతు స్థాయివి. ముక్కు వెంట్రుకలు వీటిని ఆపలేవు. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. నల్లటి పొగ కక్కే పాత లారీ అందరికీ కోపం తెప్పిస్తుంది, అది న్యాయమైన కోపమే. కానీ మసిని పట్టే ఫిల్టర్ తీసేయించిన కొత్త డీజిల్ కారు నల్లగా కనిపించకుండానే లెక్కలేనన్ని నలుసులు వదలగలదు. పాతకాలపు పొగ మీటరు దాన్ని పట్టలేదు. నెదర్లాండ్స్, బెల్జియం, జర్మనీ ఈ మధ్య తమ వాహన తనిఖీల్లో నలుసుల సంఖ్యను లెక్కించే పరికరం పెట్టింది ఇందుకే.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. అన్ని బండ్లూ సమానంగా తప్పుచేయవు. రోడ్డు పక్కన ఇన్‌ఫ్రారెడ్ కిరణం పెట్టి, వెళ్ళే ప్రతి బండి పొగనూ క్షణంలో కొలిచే పద్ధతి ఒకటి అమెరికాలోని డెన్వర్ విశ్వవిద్యాలయంలో రూపొందింది. ఆ కొలతల్లో తేలినదేమిటంటే, మొత్తం కార్బన్ మోనాక్సైడ్‌లో సగానికి పైగా ఓ 10 శాతం బండ్ల నుంచే వస్తోంది. నా అనుభవమూ అదే. ఒకసారి ఒక కారు పరీక్షకు వచ్చింది. మెరిసిపోతోంది, పొగ లేదు, శబ్దం లేదు. యజమాని ఫిర్యాదల్లా మైలేజీ పడిపోయిందనే. కొలిస్తే కార్బన్ మోనాక్సైడ్ ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది. చూస్తే ఆక్సిజన్ సెన్సర్ పాడైంది. డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు ఎన్నో నెలలుగా వెలుగుతోందట, బండి బాగానే నడుస్తోంది కదా అని వదిలేశారట.

ఆ సెన్సర్ ఎందుకంత ముఖ్యమో చెప్తాను. పెట్రోలు కారు సైలెన్సర్ గొట్టంలో ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత పూసిన తేనెతుట్టె లాంటి గది ఉంటుంది. అదే క్యాటలిటిక్ కన్వర్టర్. కార్బన్ మోనాక్సైడ్, ఇంధనపు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు, మూడింటినీ అది ఒకేసారి తగ్గిస్తుంది. కానీ ఒక షరతు ఉంది. బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి చుట్టుపక్కలే ఇంజిన్ నడవాలి. గాలి ఎక్కువైతే నైట్రోజన్ ఆక్సైడ్లు తప్పించుకుంటాయి, తక్కువైతే మిగతా రెండూ. ఆ తూకం పట్టుకునేది ఆక్సిజన్ సెన్సర్. అమెరికాలో 1975 మోడళ్ళ నుంచి కన్వర్టర్లు విస్తృతంగా వచ్చాయి. సీసం కలిపిన పెట్రోలు పోస్తే కన్వర్టర్ చచ్చిపోతుంది కాబట్టి సీసం లేని పెట్రోలు తేవాల్సి వచ్చింది. అలా ఒకటి చేయబోతే రెండు మేళ్ళు జరిగాయి. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో కార్లకు సీసం పెట్రోలు అమ్మడం ఆపింది.

కన్వర్టర్‌కు ఇంకో బలహీనత ఉంది. చల్లగా ఉన్నంతసేపు అది పనిచేయదు. 250 నుంచి 300 డిగ్రీలకు వేడెక్కాలి. చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు కూడా ఎక్కువ కావాలి. అందుకే ఇప్పటి కారు ఒక ప్రయాణంలో వదిలే ఆవిర్లలో, కార్బన్ మోనాక్సైడ్‌లో పెద్ద భాగం మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే వచ్చేస్తుంది. కిలోమీటరు దూరానికి కారు తీసే అలవాటు గాలికి ఎంత చేటో దీన్ని బట్టి చూడండి. ఇంజిన్ వేడెక్కేలోపే గమ్యం వస్తుంది. పాత రెండు స్ట్రోకుల బండ్లయితే మరీ ఘోరం. పోసిన ఇంధనంలో ఒక భాగం కాలకుండానే నూనె పొగతో కలిసి బయటికి వచ్చేస్తుంది. ఇక ఎండలో ఆపి ఉంచిన బండి కూడా ట్యాంకు నుంచి ఆవిర్లు వదులుతుంది. వాటిని పట్టడానికి బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది. మూత వదులైనా, పంపు గన్ ఆగాక మళ్ళీ మళ్ళీ నొక్కి నోటిదాకా నింపించినా ఆ డబ్బా పాడవుతుంది. ఈ చిన్న తప్పును చాలామంది తెలియకే చేస్తారు.

మీలో కొందరికి అనుమానం రావొచ్చు, తనిఖీల్లో పాసైన బండికి ఇవన్నీ ఎందుకుంటాయని. నిలబెట్టి, గేరు వెయ్యకుండా చేసే పరీక్షలో నైట్రోజన్ ఆక్సైడ్లు దాదాపు దొరకవు. ఇంజిన్ మీద బరువు పడి వేడెక్కినప్పుడే అవి పుడతాయి. పరీక్షశాలలో చేసే పరీక్షకూ పరిమితి ఉందని 2015లో ప్రపంచమంతా చూసింది. ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్లలో పరీక్ష జరుగుతోందని కనిపెట్టి, అప్పుడు మాత్రమే శుభ్రంగా నడిచే సాఫ్ట్‌వేర్ ఉందని బయటపడింది. రోడ్డు మీద కొన్ని మోడళ్ళు పరిమితికి 40 రెట్ల వరకు నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలాయి. అలాంటి కార్లు దాదాపు కోటీ పది లక్షలు. ఇది మా వృత్తికే అవమానంగా అనిపించిన సంఘటన. యూరప్‌లో అప్పటికే చర్చలో ఉన్న పద్ధతి, అంటే పరికరాన్ని బండికే తగిలించి నిజమైన రోడ్డు మీద కొలవడం, ఆ తర్వాత 2017 నుంచి తప్పనిసరైంది.

ట్రాఫిక్ జామ్ గురించి వేరుగా చెప్పాలి. ఒకే వేగంతో సాఫీగా పోయే కారుకన్నా, ఆగి కదిలి, ఆగి కదిలే కారు కిలోమీటరుకు చాలా ఎక్కువ వదులుతుంది. కదిలే ప్రతిసారీ ఇంజిన్ మీద భారం. ఆపే ప్రతిసారీ బ్రేకుల నుంచి ఇనుము, రాగి పొడి. రెండు వైపులా ఎత్తైన భవనాలున్న ఇరుకు వీధి అయితే గాలి పైకి పోయే దారి లేక సుడి తిరుగుతూ అక్కడే ఉంటుంది. ఫ్యాక్టరీ పొగ ఎత్తైన గొట్టం నుంచి వస్తుంది. బండి పొగ మన ముక్కు ఎత్తులో, ఇంకా చెప్పాలంటే స్ట్రాలర్‌లో కూర్చున్న పసివాడి ముఖం ఎత్తులో వస్తుంది. మొత్తం టన్నుల లెక్కలో వాహనాల వాటా ఒక సంఖ్యగా కనిపిస్తే, మనుషులు పీల్చే లెక్కలో అది అంతకన్నా పెద్దది. కారు అద్దాలు మూసుకున్నవాళ్ళు కూడా ముందున్న బండి పొగను లోపలికి లాక్కుంటూనే ఉంటారు.

వాహనాలే మొత్తం కారణమా? కాదు. ఫ్యాక్టరీలు, విద్యుత్ కేంద్రాలు, వంట పొయ్యిలు, చెత్త తగలబెట్టడం, పంట వ్యర్థాల మంటలు, నిర్మాణాల దుమ్ము, అన్నీ ఉన్నాయి. ఏది ఎంత అన్నది నగరాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. ఎవరైనా మీకు అన్ని నగరాలకూ వర్తించే ఒకే శాతం చెబితే నమ్మకండి.

పరిష్కారాల్లో ఏది పనిచేసింది, ఏది చేయలేదు అన్నది క్లుప్తంగా చెప్తాను. 1989లో మెక్సికో సిటీ నంబరు ప్లేటు చివరి అంకెను బట్టి వారంలో ఒక రోజు కార్లను ఆపింది. చాలా కుటుంబాలు ఇంకో పాత కారు కొనుక్కున్నాయి. గాలి బాగుపడినట్టు తర్వాతి పరిశోధనలో కనిపించలేదు. స్టాక్‌హోమ్ 2006లో నగరం మధ్యలోకి వచ్చే బండ్లకు రుసుము పెట్టి చూసింది. ఆ సరిహద్దు దాటే ట్రాఫిక్ దాదాపు 20 శాతం తగ్గింది, 2007 నుంచి శాశ్వతం చేసింది. తేడా ఎక్కడుందంటే, మొదటిది దొడ్డిదారి వదిలింది, రెండోది ప్రతి ప్రయాణాన్నీ ఆలోచించుకునేలా చేసింది. ఎలక్ట్రిక్ బండ్ల వల్ల సైలెన్సర్ సమస్య పూర్తిగా పోతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు వీధిలోంచి వెళ్ళిపోతాయి. ఇది చాలా పెద్ద మేలు. టైర్ల అరుగుదల, రోడ్డు దుమ్ము మాత్రం ఉంటాయి. బరువు ఎక్కువ కాబట్టి టైర్ల పొడి కాస్త పెరగొచ్చు కూడా. మోటారే వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి బ్రేకుల పొడి తగ్గుతుంది. యూరప్‌లో వాహనాల కాలుష్యానికి హద్దులు పెట్టే యూరో 7 నిబంధనల్లో మొదటిసారి బ్రేకుల పొడికి కూడా పరిమితి పెట్టారు.

మీ చేతిలో ఉన్నవి చూద్దాం. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ఆ వారంలోనే చూపించండి. కన్వర్టర్, డీజిల్ ఫిల్టర్ తీసేస్తే పికప్ పెరుగుతుందని ఏ మెకానిక్ చెప్పినా వినకండి. టైర్లలో గాలి సరిగ్గా ఉంచండి. నిమిషం కన్నా ఎక్కువ ఆగాల్సి వస్తే ఇంజిన్ ఆపండి, ముఖ్యంగా స్కూలు గేటు దగ్గర. పిల్లల కోసం వచ్చిన కార్లన్నీ ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని ఏసీలో కూర్చోవడం, అదే గేటులోంచి పిల్లలు పరుగెత్తుకుంటూ రావడం, నాకు చాలా బాధ కలిగించే దృశ్యం. మీ స్కూల్లో తల్లిదండ్రులతో ఈ ఒక్క విషయం మాట్లాడగలిగినా చాలా మేలు.

ఇక పాప విషయం. ముందుగా, డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలర్‌ను గాలి బాగున్న రోజుల్లోనూ మానకండి, బయటికి వెళ్ళేటప్పుడు వెంట ఉంచండి. గాలి బాగా లేని రోజుల్లో మోతాదు మార్చాలా అన్నది డాక్టరునే అడగండి.

వేళల విషయంలో కాలాన్ని బట్టి జవాబు తలకిందులవుతుంది. ఎండాకాలంలో శత్రువు ఓజోన్, కాబట్టి మధ్యాహ్నం, సాయంత్రం మొదటి భాగం వద్దు. ఆఫీసు ట్రాఫిక్ మొదలవకముందు, తెల్లవారాక ఆడుకోనివ్వండి. చలికాలంలో శత్రువు సన్నటి ధూళి, అది తెల్లవారుజామునే ఎక్కువ. పొద్దున్నే స్వచ్ఛమైన గాలి అనే నమ్మకం అప్పుడు పనిచేయదు. ఎండ బాగా కాసి పొగమూత లేచాక, అంటే మధ్యాహ్నం, బయటికి పంపండి. రెండు కాలాల్లోనూ పెద్ద రోడ్డుకు దూరంగా ఉండే చోటు వెతకండి. రద్దీ రోడ్ల నుంచి వచ్చే అతి సన్నటి నలుసులు 150 నుంచి 300 మీటర్ల దూరంలోనే బాగా పలచబడతాయని కొలతలు చెబుతున్నాయి. అంటే ఒక వీధి లోపలికి మారినా తేడా ఉంటుంది. స్కూలుకు నడిపించి తీసుకెళ్తుంటే, కాస్త చుట్టయినా లోపలి సందుల్లోంచి వెళ్ళండి. సిగ్నల్ దగ్గర ఆగాల్సి వస్తే రోడ్డు అంచున కాకుండా నాలుగడుగులు వెనక్కి నిలబడండి.

మాస్కు గురించి అడగలేదు గానీ చెప్పేస్తాను. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 రకం ధూళిని ఆపుతుంది, ఓజోన్‌ను, నైట్రోజన్ డయాక్సైడ్‌ను ఆపదు. చిన్నపిల్లలకు సరిగ్గా పట్టే సైజు దొరకడం కష్టం, ఆస్తమా ఉన్న పిల్లలకు ఊపిరి ఆడనట్టు అనిపించవచ్చు, కాబట్టి డాక్టరును అడిగాకే పెట్టండి. మీ దగ్గర్లోని గాలి కేంద్రం ఓజోన్, పీఎం 2.5 విడివిడిగా గంటగంటకూ చూపిస్తుంటే, ఒక వారంపాటు ఆ అంకెలు, పాప ఆ రోజు ఎలా ఉందో, పక్కపక్కనే రాసి పెట్టుకోండి. తనను ఏది ఎక్కువ ఇబ్బంది పెడుతోందో తెలియడానికి అది సాయపడుతుంది. ఆ కాగితం డాక్టరుకు చూపించండి. ఇక్కడ రాసినా సరే, ఆ గీతలు ఏం చెబుతున్నాయో చూసి నాకు తెలిసినంత చెప్తాను.